హీరోయిన్ స్టేజ్ మీదకే రాని ఒపేరా

ఒక సినిమాకి హీరోయిన్ పేరే టైటిల్ పెట్టారు అనుకోండి. టికెట్ కొని లోపలికి వెళ్లారు. శుభం కార్డు పడేదాకా ఆ అమ్మాయి ఒక్క షాట్‌లో కూడా కనిపించలేదు. ఎలా ఉంటుంది?

సరిగ్గా అలాంటి ఇటాలియన్ ఒపేరా ఒకటి ఉంది. పేరు 'లార్లెజియానా'. అంటే ఆర్ల్ ఊరి అమ్మాయి అని. ఆర్ల్ అనేది దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక ఊరు. ఆల్ఫోన్స్ దోదే అనే ఫ్రెంచ్ రచయిత 1872 నాటి నాటకాన్ని తీసుకుని ఫ్రాంచెస్కో చిలేయా సంగీతం కట్టాడు. మొదటి షో 1897 నవంబర్ 27న, మిలాన్‌లో.

అప్పట్లో ఇటలీలో 'వెరిస్మో' ట్రెండ్ నడుస్తోంది. రాజులూ దేవతలూ కాదు, మామూలు మనుషుల ప్రేమ, అసూయ, కోపం స్టేజ్ మీదకి రావాలి అన్నదే దాని పాయింట్.

కథకి వద్దాం. ఫెడెరీకో పల్లెటూరి కుర్రాడు. ఆర్ల్ అమ్మాయి మీద పిచ్చి ప్రేమ, పెళ్లి కూడా చేసుకుందాం అనుకుంటాడు. ఇంతలో గుర్రాలు కాసే మెటీఫియో వచ్చి, ఆమె నాతో ఉన్న మనిషి అంటూ ఉత్తరాలు చూపిస్తాడు. కుర్రాడు కుప్పకూలిపోతాడు.

ఇంట్లో వివెట్టా అనే అమ్మాయి ఉంటుంది. చిన్నప్పటినుంచీ అతనంటే ప్రాణం. తల్లి రోసా కొడుకుని కాపాడుకోవాలని వాళ్లిద్దరికీ పెళ్లి ఖాయం చేస్తుంది. అతనూ సరే అంటాడు. అంతా కుదుటపడింది అనుకునేలోపు, ఆర్ల్ అమ్మాయిని ఎత్తుకుపోతానన్న మెటీఫియో మాట చెవిన పడుతుంది. అంతే, పాత మంట మళ్లీ రాజుకుంటుంది. తెల్లవారుజామున ఆమె కేకలు వినిపిస్తున్నాయన్న భ్రమలో, తల్లీ వివెట్టా ఆపుతున్నా వినకుండా అటక మీంచి దూకేస్తాడు.

ఆమెని చూపించకపోవడం ఇక్కడ అసలు విషయం. మనం ఆమెని చూసి ఉంటే, అందంగా ఉందనో, ఇంతేనా అనో తేల్చేసేవాళ్లం. కనిపించదు కాబట్టి అతని తలలో ఉన్న బొమ్మే మనకీ మిగులుతుంది. అతను ప్రేమించింది మనిషినా, ఆ బొమ్మనా? డీపీ చూస్తూ, లాస్ట్ సీన్ చెక్ చేస్తూ రాత్రులు గడిపిన వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కళ్లెదుట ఉన్న వివెట్టా మాత్రం అతనికి చివరిదాకా పూర్తిగా కనిపించలేదు.

మొదటి ఫెడెరీకో ఎవరో తెలుసా? ఎన్రికో కరూసో. అప్పటికి వయసు 24. తర్వాత ప్రపంచమంతా పేరు మోగిన గాయకుడు. మొత్తం ఒపేరా ఇప్పుడు అరుదుగానే వేస్తారు. కానీ 'ఫెడెరీకో విలాపం' అనే పాట మాత్రం బతికింది. నిద్రపోతున్న తమ్ముణ్ణి చూసి, నాకూ ఇలా నిద్రలో అన్నీ మర్చిపోయే అదృష్టం ఉంటే బాగుండు అని పాడతాడు. పవరోట్టి పాడింది యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ఒక్క మాట. ఫెడెరీకో చుట్టూ మనుషులున్నారు, కానీ లోపల ఏం నడుస్తోందో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మీకు అలా అనిపిస్తే దాచుకోకండి, ఎవరితోనైనా మాట్లాడండి. టెలీ మానస్ నంబర్ 14416, ఏ టైమ్‌లోనైనా చేయొచ్చు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!