57 నిమిషాల్లో వింబుల్డన్

ఫైనల్‌దాకా వచ్చిన క్రీడాకారిణి ఎంత చిత్తుగా ఓడినా ఒకటో రెండో గేములైనా గెలుచుకుని పోతుంది. 2025 జూలై 12న వింబుల్డన్‌లో ఆ కాస్త ఊరట కూడా దక్కలేదు. పోలండ్ అమ్మాయి ఇగా స్వియాటెక్ అమెరికాకు చెందిన అమాండా అనిసిమోవాను 6-0, 6-0తో ఓడించింది. మొత్తం 57 నిమిషాల ఆట. అక్కడ మహిళల సింగిల్స్ ఫైనల్ ఇలా ముగియడం 1911 తర్వాత ఇదే మొదటిసారి. ఆ ఏడాది డొరొథియా లాంబర్ట్ చాంబర్స్ చేతిలో డోరా బూత్‌బీకి ఇదే గతి పట్టింది. గ్రాండ్‌స్లామ్‌లన్నీ కలిపి చూసినా, దీనికి ముందు 1988 ఫ్రెంచ్ ఓపెన్‌లో నటాషా జ్వెరెవాపై స్టెఫీ గ్రాఫ్ ఇలా గెలిచింది. అనిసిమోవా అల్లాటప్పా ప్లేయరేం కాదు, సెమీస్‌లో నంబర్‌వన్ సబలెంకాను ఇంటికి పంపి వచ్చింది.

నన్నడిగితే ఆ స్కోరుకన్నా పెద్ద విశేషం పచ్చిక కోర్టు. ఇగా ఫోర్‌హ్యాండ్‌కు బలం టాప్‌స్పిన్. ఎర్రమట్టి మీద ఆ బంతి ఎగిరి భుజం దాకా లేస్తుంది, పచ్చిక మీద జారిపోతుంది. అందుకే 2018లో జూనియర్ వింబుల్డన్ గెలిచినా, సీనియర్లలో క్వార్టర్‌ఫైనల్ దాటడానికి ఇన్నేళ్లు పట్టింది. టూర్‌లో పచ్చిక మీద ఆమె గెలిచిన మొదటి టైటిలే వింబుల్డన్!

అసలు టూర్‌లో ఆమె తొలి టైటిల్ కూడా గ్రాండ్‌స్లామే. 2020 ఫ్రెంచ్ ఓపెన్‌లో 19 ఏళ్ల ఇగా ర్యాంకు 54, సీడింగ్ లేదు. ఏడు మ్యాచ్‌ల్లో ఒక్క సెట్టూ ఓడలేదు, పోగొట్టుకున్న గేములన్నీ కలిపి 28. టాప్ సీడ్ సిమోనా హలెప్‌కు మూడే గేములు దక్కాయి. సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి పోలండ్ క్రీడాకారిణి ఆమే. 2021 రోమ్ ఫైనల్లో కరోలినా ప్లిస్కోవాను 6-0, 6-0తో 46 నిమిషాల్లోనే ముగించింది.

2022లో వరసగా 37 విజయాలు. ఈ శతాబ్దంలో మహిళల టెన్నిస్‌లో ఇంత పొడవైన వరస ఇంకెవరికీ లేదు, 2000లో వీనస్ సాధించిన 35 కూడా వెనకబడింది. దోహాలో మొదలై వింబుల్డన్‌లో ఆగేలోపు ఆరు టైటిళ్లు వచ్చాయి. మధ్యలో ఆష్ బార్టీ రిటైరవడంతో ఏప్రిల్ 4న నంబర్‌వన్ పీఠమెక్కింది. రెండు విడతల్లో కలిపి 125 వారాలు ఆ పీఠం మీద ఉంది.

ప్యారిస్‌లో నాలుగు కప్పులు గెలిచినా, నాకు బాగా గుర్తున్నది 2024 రెండో రౌండ్. నవోమి ఒసాకాతో మూడో సెట్లో 2-5తో వెనకబడి, మ్యాచ్ పాయింట్ కాచుకుని 7-5తో బయటపడింది. ఆ గండం గట్టెక్కాక కప్పూ ఆమెదే. ఆ వేసవిలోనే అదే రోలాండ్ గారోస్‌లో ఒలింపిక్ కాంస్యం గెలిచింది. టెన్నిస్‌లో పోలండ్‌కు అదే తొలి పతకం. తండ్రి తొమాష్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పడవ పందేలకు వెళ్లినవాడు.

2024లోనే ఇగాకు డోప్ పరీక్షలో నిషేధిత మందు ట్రైమెటజిడిన్ పాజిటివ్ వచ్చి నెల రోజుల నిషేధమూ పడింది. నిద్ర కోసం వాడిన మెలటోనిన్ మందు కలుషితమైందని విచారణలో తేలింది. రికార్డులు రాసేటప్పుడు ఇదీ రాయాలి.

పోలండ్ వింబుల్డన్ కోసం చాలాకాలం ఎదురుచూసింది. 1937 ఫైనల్లో యాద్విగా యెంద్జెయోవ్‌స్కా డొరొతీ రౌండ్ చేతిలో మూడో సెట్ 5-7తో ఓడింది. 2012లో అగ్నిష్కా రద్వాన్‌స్కా సెరెనా ముందు ఆగిపోయింది. ఆ 1937 ఫైనల్ జరిగిన 88 ఏళ్లకు ఇగా ఆ కప్పు అందుకుంది. చిన్నప్పటి నుంచీ ఇష్టమంటూ ఆమె చెప్పిన స్ట్రాబెర్రీ పాస్తా కూడా ఆ టోర్నీలో అందరి నోటా నానింది.

2025 ముగిసేనాటికి ఆరు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్ ఆడి ఆరూ గెలిచింది. దక్కనిది ఆస్ట్రేలియన్ ఓపెన్ ఒక్కటే. 2025 సెమీస్‌లో మాడిసన్ కీస్‌పై మ్యాచ్ పాయింట్ దాకా వెళ్లి ఓడిపోయింది.