ఒక్క షెల్ తేడాగా వచ్చిందా? డై తిప్పకముందు ఆగండి!

ఇవాళ్టి టాపిక్ కొంచెం వెరైటీ. అమెరికాలో ట్రాప్ షూటింగ్ ఆడేవాళ్ళు కాల్చేసిన షెల్‌ని పారేయకుండా మళ్ళీ నింపుకుంటారు. దాన్నే షాట్‌షెల్ రీలోడింగ్ అంటారు. ఆ ప్రెస్ మొరాయిస్తే ఎలా సరిచేయాలో చూద్దాం.

ముందే ఒక మాట. ఇది తెలుసుకోవడానికే తప్ప ఇంట్లో ట్రై చేయడానికి కాదు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడింది ఈ ట్రాప్ ఈవెంటే. ఆట మనకి కొత్త కాదు, తూటా నింపుకోవడమే ఇక్కడ అలవాటు లేదు.

సరే, విషయంలోకి వెళ్దాం. మా అక్క వాళ్ళు అమెరికాలో సెటిలయ్యారు. బావకి ట్రాప్ అంటే పిచ్చి. పోయిన జనవరిలో వెళ్ళినప్పుడు నన్నూ రేంజ్‌కి తీసుకెళ్ళారు. నేను తుపాకీ ముట్టుకోలేదు, కెమెరా పట్టుకుని వెనకాల నిలబడ్డానంతే. బావ కాలుస్తుంటే ధన్ ధన్‌మని వినపడాల్సింది, ఒకసారి ఫుస్‌మని దీపావళి తుస్సు టపాకాయలా వచ్చింది. ఆయన తర్వాతి షెల్ పెట్టబోతుంటే పక్కనున్న పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు. గన్ ఖాళీ చేసి బ్యారెల్‌లోంచి చూస్తే అవతలి వెలుతురు కనపడలేదు. వాడ్ మధ్యలో ఇరుక్కుపోయింది. ఇంకోటి కాల్చి ఉంటే బ్యారెల్ పగిలేది. బావ ఎడమ చెయ్యి సరిగ్గా ఆ బ్యారెల్ కిందే ఉంది.

దీన్ని స్క్విబ్ అంటారు. మందు తక్కువ పడితే గుళ్ళని, వాడ్‌ని బయటికి తోసే బలం ఉండదు. మరి తక్కువ ఎందుకు పడింది? ఆ సాయంత్రం నేనూ బావా డీబగ్గింగ్‌కి కూర్చున్నాం.

ముందు మెషిన్ ఎలా పనిచేస్తుందో చూడండి. వీటిలో బాగా పేరున్నవి విస్కాన్సిన్‌లోని మేవిల్ ఊళ్ళో తయారయ్యే మెక్ ప్రెస్సులు. ఏ సింగిల్ స్టేజ్ ప్రెస్ అయినా పని దాదాపు ఒకటే. పాత ప్రైమర్ తీసేసి, షెల్ అడుగుని సైజుకి తెస్తుంది. కొత్త ప్రైమర్ ఎక్కిస్తుంది. మందు పోస్తుంది, దానిమీద ప్లాస్టిక్ వాడ్ దించుతుంది, ఆ వాడ్ కప్పులో సీసం గుళ్ళు పోస్తుంది. చివరికి షెల్ మూతిని 6 లేదా 8 మడతలుగా మూస్తుంది. ఆ మూతే క్రింప్.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ప్రెస్ మందుని తూచదు, కొలుస్తుంది. బుషింగ్ అనే చిన్న రింగులో ఎంత పడితే అంత. మనం బియ్యం సోలతో కొలిచినట్టే అనుకోండి, కుదిపితే ఎక్కువ పడుతుంది, వదులుగా పోస్తే తక్కువ పడుతుంది. అందుకే చార్టులో నంబర్ చూసి నమ్మేయకూడదు. మామూలుగా షెల్స్ చేసే ఊపులోనే కొన్ని నింపాక, ఓ పది సార్లు పడిన మందుని స్కేల్ మీద తూచాలి. ఎంత ఉండాలన్నది మందు కంపెనీ అచ్చువేసిన డేటాలోదే. ఒక మందు బదులు ఇంకోటి, ఒక వాడ్ బదులు ఇంకోటి మార్చకూడదు.

ఇప్పుడు సమస్యలు ఒక్కొక్కటిగా.

ప్రైమర్ పైకి పొడుచుకొచ్చిందా? ముందు ప్రైమర్ పోస్ట్ కింద చెత్త చేరిందేమో తుడవండి, తర్వాతే ఎత్తు మార్చండి. వేలు పెట్టి రాస్తే షెల్ అడుగుతో సమానంగా తగలాలి.

వాడ్ వంకరగా దిగుతోందా? వాడ్ గైడ్ వేళ్ళు అరిగిపోయి ఉంటాయి. అది చవకైన పార్ట్, మార్చేయండి.

క్రింప్ మధ్యలో కన్నం పడి గుళ్ళు కారుతున్నాయా? లోపల సరుకు ఎత్తు ఎక్కువై ఉండొచ్చు, లేదా క్రింప్ స్టార్ట్ చాలకపోవచ్చు. గిన్నెలా లోపలికి కుంగిందా? సరుకు ఎత్తు తక్కువ, లేదా డై మరీ కిందికి ఉంది. క్రింప్ కింద గోడ ఉబ్బిందా? డై ఎక్కువ నొక్కుతోంది, ఆ షెల్ ఛాంబర్‌లోకి వెళ్ళదు. ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే, అదీ పావు తిప్పు. తర్వాత అయిదు షెల్స్ చేసి చూడండి. కోడ్‌లో నాలుగు లైన్లు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా, ఇదీ అంతే.

ఇక బావ కథకొద్దాం. "నింపేటప్పుడు ఏమైనా తేడా అనిపించిందా బావా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఒక్క షెల్‌కి క్రింప్ ఉబ్బుగా వచ్చిందిరా. డై కాస్త కిందికి దించాను. ఆ తర్వాతవి గుంటలు పడ్డాయి" అన్నారు.

అక్కడే దొరికింది! అంతకుముందు రోజు ఆయన మందు సీసానీ, ప్లాస్టిక్ ట్యూబునీ పొడిబట్టతో గట్టిగా తుడిచారు. జనవరి చలి, పొడి గాలి. స్టాటిక్ కరెంటు పుట్టి మందు ట్యూబు గోడకి అంటుకుంది. ఒక షెల్‌లో సగమే పడింది. గోడకి మిగిలిన సగం ఊడి తర్వాతి షెల్‌లో దాని సొంత వాటాతో కలిసి పడింది. ఆ ఉబ్బు షెల్ అదే! మెషిన్ 'ఇందులో ఎక్కువుంది' అని చెబితే బావ దాని నోరు నొక్కేశారు. ఎర్రర్ మెసేజ్ వస్తే కారణం వెతక్కుండా మెసేజ్‌నే డిలీట్ చేసినట్టు.

పూర్తయిన షెల్స్ తూచి కనిపెట్టొచ్చుగా అంటారేమో. కుదరదు. గుళ్ళ బరువులో మందు ఇరవయ్యో వంతు కూడా ఉండదు. గుళ్ళలో, షెల్‌లో ఉండే మామూలు తేడాలోనే ఆ తప్పు దాక్కుంటుంది. అందుకే ఆ రోజు నింపిన వాటిలో మిగిలినవన్నీ కోసి విప్పేశాం. ఆ మందు మళ్ళీ వాడలేదు. విప్పుతుంటే ఆ ఎక్కువ మందు షెల్ దొరికింది. అదే డబ్బాలో ఉంది ఫ్రెండ్స్. రేంజ్‌లో బావ చేతిలోకి తీసుకున్న తర్వాతి షెల్ అదో కాదో మాకు ఎప్పటికీ తెలియదు. ఆ రాత్రి బావ అన్నం సరిగ్గా తినలేదు.

ఇప్పుడు ఆయన మూడు పద్ధతులు పెట్టుకున్నారు. సీసా, ట్యూబు యాంటీ స్టాటిక్ షీట్‌తోనే తుడుస్తారు. వాడ్ పెట్టేముందు టార్చ్ వేసి ప్రతి షెల్‌లోకీ తొంగి చూస్తారు. ఒక్క షెల్ తేడాగా వస్తే డై ముట్టుకోరు, దాన్నీ, దానికి ముందు నింపినదాన్నీ, తర్వాతిదాన్నీ పక్కన పెట్టేస్తారు. అన్నీ ఒకేలా తేడాగా వస్తే అది సెట్టింగ్ సమస్య. ఒక్కటే వస్తే అది హెచ్చరిక.

మీ పనిలో ఇలా హెచ్చరికని నొక్కేసి తర్వాత బాధపడిన సందర్భం ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!