మృత్యుద్వారం నుంచి గగనానికి

చూపు చాలదని సైనిక వైద్యులు తిరస్కరించిన యువకుడతడు. 1898లో కలకత్తాలో జన్మించి, లండన్‌లో చదువుకున్న ఇంద్రలాల్ రాయ్ నిరాశ చెందలేదు. తన మోటారు సైకిలు అమ్మి, ఆ సొమ్ముతో ప్రముఖ నేత్రవైద్యునిచేత మరల పరీక్ష చేయించుకొని, 1917లో బ్రిటిష్ వైమానిక దళంలో చేరాడు.

ఆ డిసెంబరులో ఫ్రాన్స్‌లో అతని విమానం కూలింది. మరణించాడని భావించి శవాగారంలో ఉంచారు. స్పృహ రాగానే లోపలినుంచి తలుపు బాదాడట!

కోలుకొని, పట్టుబట్టి, 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌లో చేరాడు. జూలై 6 నుంచి 19 లోగా పది వైమానిక విజయాలు అతని ఖాతాలో చేరాయి. జూలై 22న, ఫ్రాన్స్‌లోని కార్విన్ మీద జర్మన్ ఫోకర్ విమానాలతో పోరాడుతూ నేలకొరిగాడు. అప్పటికతనికి ఇరవై ఏళ్ళయినా నిండలేదు.

డి.ఎఫ్.సి. పతకం పొందిన తొలి భారతీయుడతడే. ఆ గౌరవం ప్రకటించేనాటికి మాత్రం అతడు లేడు. ఎస్తెవెల్ గ్రామంలోని అతని సమాధిపై నేటికీ వంగాక్షరాలు కనిపిస్తాయి.