కంట్లో వడ్ల పొట్టు గీసుకుందా? ఎరుపు తగ్గించే చుక్కలతో జాగ్రత్త!

సార్వా కోతల టైమ్ కాబట్టి ఈ ఎపిసోడ్ కావాలనే ఇప్పుడు పెడుతున్నా. పోయిన నూర్పిళ్ళప్పుడు దివిసీమలో మా బాబాయ్ కంట్లో వడ్లగింజ ఎగిరి తగిలింది. నీళ్ళతో కడుక్కున్నాడు, మంట తగ్గలేదు. మందుల షాపులో "కన్ను ఎర్రబడింది" అంటే ఒక చుక్కల మందు ఇచ్చారు. రెండ్రోజుల్లో ఎరుపు తగ్గింది, అందరం హ్యాపీ. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. మన వైపు "పువ్వు పడింది" అంటారు కదా, అదే.

అసలు గీత పడితే ఏమవుతుందో చూద్దాం. నల్లగుడ్డు మీద గాజులాంటి పొర ఉంటుంది, దాన్నే కార్నియా అంటారు. మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో పైన ఉండే పదో వంతు మన చర్మం లాంటిది. గీత మామూలుగా అక్కడే పడుతుంది. చుట్టుపక్కల కణాలు జరిగొచ్చి ఆ ఖాళీని కప్పేస్తాయి. చిన్న గీతైతే ఒకటి నుంచి మూడు రోజుల్లో, మచ్చ కూడా లేకుండా మానిపోతుంది. నరాలు ఎక్కువ కాబట్టి నొప్పి మాత్రం చంపేస్తుంది.

మరి బాబాయ్‌కి ఎందుకలా అయింది? పొట్టు, గడ్డిపోచలతో పాటు బూజు, అంటే ఫంగస్, కంట్లోకి వస్తుంది. పై పొర తెరిచి ఉంటే లోపలికి దిగుతుంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు పదేళ్ళలో చూసిన 1,352 ఫంగస్ కేసుల మీద 2002లో పేపర్ వేశారు. సగానికి పైగా కేసుల్లో మొదలు కంటికి తగిలిన దెబ్బే.

బాబాయ్ వేసుకున్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది. ఎరుపు అంటే శరీరం పోరాడుతోందని గుర్తు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే ఆపుతుంది. ఎర్రర్ మెసేజ్ మ్యూట్ చేసి బగ్ పోయిందనుకున్నట్టే (నేనూ జాబ్‌లో చేశాను లెండి, ఆ పని). మొద్దుబార్చే చుక్కలూ అంతే. డాక్టర్ చూసేటప్పుడు ఒకసారి వేస్తారు, హాయిగా ఉంటుంది. ఇంటికి తెచ్చుకుని వేస్తూ పోతే గీత మానదు.

ఇక టైమ్ సంగతి. నేపాల్‌లోని భక్తపూర్‌లో ఊళ్ళల్లో ట్రైనింగ్ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు కంటి గీతలున్న 442 మందికి మూడు రోజులు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పెట్టారు. 18 గంటల్లోపు వచ్చిన 284 మందిలో ఒక్కరికీ పుండు పడలేదు. ఒక రోజు దాటాక వచ్చిన 49 మందిలో 14 మందికి పడింది. ఇది 2001లో అచ్చయిన స్టడీ. మందు మామూలుదే, తేడా అంతా గంటల్లోనే ఉంది.

కాబట్టి నలక పడితే శుభ్రమైన నీళ్ళతో కడగండి, నలపకండి. గుచ్చుకుపోయి ఉంటే లాగొద్దు, అలాగే వెళ్ళండి. లెన్స్ ఉంటే తీసేయండి. గుడివాడ, బందరు, ఎక్కడ దగ్గరైతే అక్కడ అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించండి. నాలుకతో తీయించుకోవడం, చనుబాలు, ఆముదం, ఆకు పసరు అస్సలు వద్దు. కట్టు కట్టుకుని పడుకోవడం కూడా వద్దు. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే గీత కనపడదు. పసుపు రంగు వేసి నీలం లైట్‌లో చూస్తేనే ఆకుపచ్చగా మెరుస్తుంది. ఇంతకుముందు ఏ చుక్కలు వేశారో ఆ సీసా తీసుకెళ్ళండి.

బాబాయ్‌ని విజయవాడ తీసుకెళ్ళాం. పుండు గీకి మైక్రోస్కోప్‌లో చూసి, నాటమైసిన్ చుక్కలు గంటకోసారి వేయమన్నారు. రాత్రిళ్ళు నా ఫోన్‌లోనే అలారం. కన్ను నిలబడింది గానీ, దాంతో బస్సు బోర్డు చదవలేడు. ఈసారి నూర్పిడికి ప్లాస్టిక్ కళ్ళజోడు పెట్టుకునే దిగాడు. లోపల ఆవిరి పడుతోందని గంటకోసారి నన్ను తిడుతూనే ఉన్నాడు.