పేరు లేని పత్రికలు, పేరు దక్కని స్త్రీలు

పత్రికపై సంపాదకుని పేరుండును, ముద్రాపకుని పేరుండును. నిషేధమునకు గురియైన పత్రికకు ఈ రెండును ఉండవు. ఇక దాని నిర్మాణమున స్త్రీలు మోసిన భారమెంతయో తెలిసికొనుట మరింత కష్టము.

1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటమునకు సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలు పట్టుకొమ్మలు. కోదాడకు చేరువనున్న మునగాల పరగణా నిజాము రాజ్యముచే చుట్టబడియున్నను కృష్ణా జిల్లాకు చెందియుండెను. 1959లో గాని అది నల్లగొండ జిల్లాలో కలియలేదు. బెజవాడనుండి వచ్చు కరపత్రములకు ఇంతకంటె అనువైన ద్వారము వేరొకటి యుండునా?

1948లో ప్రజాశక్తి నిషేధమునకు గురియైన పిమ్మట రహస్య ప్రతులకు సైక్లోస్టైలు యంత్రమే ఆధారము. మైనపు పూతగల స్టెన్సిలుపై ఇనుప కలముతో వ్రాయవలెను. కొంచెము గట్టిగా నొక్కినచో సున్న నడుమనున్న ముక్క ఊడిపోవును. గుండ్రని తెలుగు అక్షరములకు ఈ ప్రమాద మధికము. ప్రశ్నపత్రములు ఈ రీతిని తీసిన ఉపాధ్యాయులకు ఆ చిక్కు తెలియనిది కాదు.

అయితే యంత్రము దాగుటకు ఇల్లు కావలెను. మగవారు మాత్రమే యున్న అద్దె యింటిని ఇరుగుపొరుగువారు అనుమానింతురు. స్త్రీ యున్నచో అది సంసారమగును. అందుచే ‘డెన్’ అనబడు ఆ యిండ్లలో వంట చేయుట, నీరు తెచ్చుట, పొరుగమ్మల ప్రశ్నలకు తడబడక బదులు చెప్పుట స్త్రీల వంతయ్యెను. దీనిని ఇంటిపని యనుట అన్యాయము. ఆమె నోట ఒక్కమాట తప్పినచో అందరును పట్టుబడుదురు. కొండపల్లి కోటేశ్వరమ్మ అజ్ఞాతవాసమునకు పోవుచు బిడ్డలను తల్లివద్ద విడిచెను. ఆ యెడబాటును 2012లో వెలువడిన ‘నిర్జన వారధి’లో ఆమెయే చెప్పుకొనెను.

సూర్యాపేట ప్రాంతపు కర్విరాల కొత్తగూడెమున పుట్టిన మల్లు స్వరాజ్యమునకు గోర్కీ ‘అమ్మ’ నవల ప్రేరణ యిచ్చెను. ఆ నవలలోని తల్లియు, తినుబండారముల నమ్మునెపమున కార్ఖానాలోనికి నిషిద్ధ పత్రములను చేర్చినదే. స్వరాజ్యము తుపాకి పట్టెను. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టిరి. కావున ఆమె పేరు నిలిచెను. కబురులు మోసిన వారి పేర్లు నిలువలేదు.

1951 అక్టోబరులో పోరాటము విరమించిరి. స్త్రీలను ఇండ్లకు పొమ్మనిరి. పలువురకు తిరిగి చేరుటకు ఇల్లే లేకపోయెను. స్త్రీశక్తి సంఘటన వారు అట్టివారిని వెదకి, వారి మాటలలోనే ‘మనకు తెలియని మన చరిత్ర’ను 1986లో ప్రకటించిరి. అప్పటికి ముప్పదియైదేండ్లు గడచిపోయెను.