మతి పోయిందనుకునే ముందు మందుల సంచీ చూడండి!

జ్వరంలో సంధి మాటలు మా భద్రాచలం ఏజెన్సీకి కొత్త కాదు. చర్ల, దుమ్ముగూడెం వైపు వానాకాలం వస్తే మలేరియా భయమే. అందుకే మా అత్తమ్మ ఒక్క రాత్రిలో మనుషుల్ని పోల్చుకోలేక, లేని మేకల్ని అదిలిస్తుంటే అంతా ‘జ్వరం తలకెక్కింది’ అన్నారు. తీరా రక్తపరీక్షలో మలేరియా లేదు. డాక్టరుగారు మందుల సంచీ విప్పించారు. జలుబు మాత్ర, దానికి తోడు ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర! అవి మాన్పించాక మెల్లగా తేరుకుంది.

వయసు పైబడితే కాలేయం, మూత్రపిండాలు మందును త్వరగా బయటికి పంపలేవు. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాతరకం జలుబు మాత్రలు, నిద్రమాత్రలు, మూత్రం ఆగనివారికిచ్చే కొన్ని మందులు మెదడును తికమక పెడతాయి. మతిమరుపు జబ్బు నెలలూ ఏళ్ళూ ముదురుతుంది. ఇది గంటల్లో, రోజుల్లో ముంచుకొస్తుంది. రాత్రిళ్ళు ఎక్కువవుతుంది.

అలాగని మీరే మందులు ఆపేయకండి. ఏళ్ళుగా వాడే నిద్రమాత్ర హఠాత్తుగా మానేసినా సంధి రావచ్చు. నాటుమందులతో సహా అన్నీ సంచీలో వేసుకుని ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. ఏ మాత్ర కొత్తగా మొదలైందో, తేడా ఎప్పుడొచ్చిందో చెప్పగలిగేది ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనమే కదా!