గ.సా.భా. అంటే భయమెందుకు?

లెక్కలనగానే మన హాస్టల్ తమ్ముళ్లలో చాలామంది ముఖాలు వాడిపోతాయి. ఆ భయం చాలాసార్లు ఆరో తరగతిలోనే మొదలవుతుంది. కారణాంకాలు సరిగా రాకపోతే భిన్నాలు రావు. భిన్నాలు రాకపోతే బీజగణితం రాదు. చివరికి పదో తరగతిలో లెక్కల పేపరు దగ్గర చదువే ఆగిపోతుంది. మన ఇళ్లలో కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవారు లేరు. ట్యూషన్‌కు పంపే స్తోమతా లేదు. అయితే గుత్తకు వచ్చిన కూలి డబ్బులను పైసా తేడా రాకుండా నోటిలెక్కతో పంచుకునే అమ్మానాన్నలు మనకున్నారు. ఈ పాఠం కూడా సమానంగా పంచడం గురించే. అందుకే వార్షికోత్సవ సంచికలో దీని గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

గ.సా.భా. అంటే ఏమిటి?

గ.సా.భా. అంటే గరిష్ఠ సామాన్య భాజకం. ఇచ్చిన సంఖ్యలన్నింటినీ శేషం లేకుండా భాగించే సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది. హాస్టల్‌కు 84 నోటు పుస్తకాలు, 126 పెన్నులు వచ్చాయనుకుందాం. ఒక్కటి కూడా మిగలకూడదు, అందరికీ సమానంగా రావాలి. ఎక్కువలో ఎక్కువ ఎంతమందికి పంచగలం? ఈ ప్రశ్నకు జవాబే 84, 126ల గ.సా.భా.

ప్రధాన కారణాంకాల పద్ధతి

1, తాను తప్ప వేరే భాజకాలు లేని సంఖ్య ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11, 13... ఇలా సాగుతాయి. 1 ప్రధాన సంఖ్య కాదు. ఏ సంఖ్యనైనా చిన్న ప్రధాన సంఖ్యతో మొదలుపెట్టి భాగించుకుంటూ పోవాలి. చివరి అంకె సరిసంఖ్య అయితే 2తో పోతుంది. అంకెల మొత్తం 3తో పోతే ఆ సంఖ్యా 3తో పోతుంది. చివర 0 గాని 5 గాని ఉంటే 5తో పోతుంది.

84 = 2 × 2 × 3 × 7
126 = 2 × 3 × 3 × 7

రెండింటిలోనూ ఉన్నవి ఒక 2, ఒక 3, ఒక 7. వీటి లబ్ధం 2 × 3 × 7 = 42. అంటే 42 మందికి పంచవచ్చు. ఒక్కొక్కరికి 2 పుస్తకాలు, 3 పెన్నులు వస్తాయి.

ఇక్కడ ఆగి ఎందుకని అడగాలి. 84లో రెండు 2లు ఉన్నాయి కదా, ఒకటే ఎందుకు తీసుకున్నాం? 126లో ఒకటే 2 ఉంది. రెండు 2లు తీసుకుంటే 84 అవుతుంది, అది 126ను శేషం లేకుండా భాగించదు. అందుకే సామాన్యంగా ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యకూ తక్కువ ఘాతమే తీసుకుంటాం. ఈ కారణం తెలిస్తే సూత్రాన్ని బట్టీ పట్టే పని లేదు.

మూడు సంఖ్యలకూ ఇదే పద్ధతి. ఆగస్టు 15న 36, 48, 60 మంది ఉన్న మూడు తరగతులను వరుసల్లో నిలబెట్టాలి. ఒక వరుసలో ఒకే తరగతి వారుండాలి, అన్ని వరుసల్లోనూ సమాన సంఖ్య ఉండాలి. 36 = 2² × 3², 48 = 2⁴ × 3, 60 = 2² × 3 × 5. మూడింటిలోనూ ఉన్నవి 2, 3 మాత్రమే. వాటి తక్కువ ఘాతాలు 2², 3. గ.సా.భా. 12. వరుసకు 12 మంది చొప్పున 3, 4, 5 వరుసలు అవుతాయి.

క.సా.గు.తో తికమక

పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. గ.సా.భా.కు అన్నింటిలో ఉన్నవే, తక్కువ ఘాతంతో తీసుకోవాలి. క.సా.గు.కు కనిపించిన ప్రతిదీ ఎక్కువ ఘాతంతో తీసుకోవాలి. 84, 126ల క.సా.గు. 2² × 3² × 7 = 252. జవాబు సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. రెండు సంఖ్యల లబ్ధం వాటి గ.సా.భా., క.సా.గు.ల లబ్ధానికి సమానం. 84 × 126 = 10584. 42 × 252 కూడా 10584. ఇది రెండు సంఖ్యలకే వర్తిస్తుంది, మూడింటికి వాడకండి. ఇక 8, 15 లాగా ఉమ్మడి ప్రధాన కారణాంకమే లేకపోతే గ.సా.భా. 1 అవుతుంది, సున్నా కాదు.

భిన్నాలకూ ఇదే తాళంచెవి. 84/126లో లవాన్నీ హారాన్నీ 42తో భాగిస్తే ఒక్కసారికే 2/3 వస్తుంది.

పెద్ద సంఖ్యలు వస్తే

8051, 8633ల కారణాంకాలు కనుక్కోవాలంటే చాలా సేపు పడుతుంది. దీనికి క్రీ.పూ. 300 ప్రాంతంలోనే యూక్లిడ్ వేరే దారి చూపాడు. పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, వచ్చిన శేషంతో మళ్లీ భాజకాన్ని భాగిస్తూ పోవాలి. 8633ను 8051తో భాగిస్తే శేషం 582. 8051ని 582తో భాగిస్తే శేషం 485. 582ను 485తో భాగిస్తే శేషం 97. 485ను 97తో భాగిస్తే శేషం సున్నా. కాబట్టి గ.సా.భా. 97. మన ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో చెప్పిన కుట్టక పద్ధతిలోనూ ఇలాంటి వరుస భాగహారమే ఉంది. పెద్ద సంఖ్యల కారణాంకాలు కనుక్కోవడం ఎంత కష్టమంటే, 1977లో వచ్చిన ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతి ఆ కష్టాన్నే తాళంగా వాడుకుంది.

ఈ రాత్రి స్టడీ అవర్‌లో ఇవి చేయండి: 54, 90, 91, 119, 45, 75, 105. జవాబులు వరుసగా 18, 7, 15 రావాలి. రాకపోతే సిగ్గుపడకుండా పై తరగతి అన్నను అడగండి. అన్నలారా, అడిగిన తమ్ముణ్ణి కసురుకోకండి. ఇంటి దగ్గర చెప్పేవారు లేని వాడికి హాస్టల్‌లో మీరే ట్యూషన్ మాస్టారు.